బొమ్మను చూడటం ఒక విద్య

పిల్లలూ! మీ ఇంట్లో గోడమీద గానీ, దేవుడి గూట్లో గానీ వేంకటేశ్వరస్వామి పటం వుండే వుంటుంది. రోజూ చూస్తూనే వుంటారు. ఇప్పుడు ఆ వైపు తల తిప్పకుండా చెప్పండి: శంఖం స్వామివారి ఏ చేతిలో వుంది? కింది కుడిచేయి ఏం చూపిస్తోంది? కింది ఎడమచేయి ఎక్కడ ఆనించి వుంది?

మీలో చాలామంది తడబడి వుంటారు. పెద్దవాళ్ళనడిగినా తడబడతారు. (శంఖం ఎడమచేతిలో వుంది. కుడిచేయి పాదాలను చూపిస్తోంది. ఎడమచేయి నడుము దగ్గర వుంది.) వేలసార్లు కళ్ళబడినదే అయినా మనం దాన్ని చూడలేదన్నమాట. కంటికి ఆనడం వేరు, చూడటం వేరు. నక్షత్రాలను చూడటం, ఆకు ఈనెలను చూడటం ఎలా నేర్చుకుంటామో, బొమ్మను చూడటం కూడా అలాగే నేర్చుకోవచ్చు. దానికి చిత్రకారులే కానక్కరలేదు.

ఒకసారి తొమ్మిదో తరగతి పిల్లలను తీసుకుని శ్రీకాళహస్తిలో కలంకారీ పని చూడటానికి వెళ్ళాం. ఒక వృద్ధ కళాకారుడి ఇంట్లో గోడనిండా రామాయణం గుడ్డ వేలాడుతోంది. పిల్లలంతా దాని ముందు మూగారు. ఒక అబ్బాయి మాత్రం గడప దగ్గరే నిలబడిపోయాడు. లెక్కల్లో దిట్ట. "లోపలికి రాలేదేం?" అని అడిగితే, "నాకు బొమ్మల సంగతి ఏం తెలుసు సార్! తెలిసినవాళ్ళు చూడాలి" అన్నాడు.

ఆ మాట అతనిది మాత్రమే కాదు. ఎంతో చదువుకున్నవారు కూడా గొప్ప చిత్రం ముందుకు రాగానే "మనకేం తెలుసు" అని నాలుగు అడుగుల్లో దాటిపోతారు. అందుకే ఆ అబ్బాయితో, "నీకు తెలిసినవే అయిదు ప్రశ్నలు అడుగుతాను. జవాబులు ఆ గుడ్డలోనే వున్నాయి, వెతుకు" అన్నాను. ఆ అయిదు ప్రశ్నలే ఈ పాఠం.

మొదటి ప్రశ్న: ఏముంది?

"బాగుందా, బాగాలేదా" అన్నది ముందే తేల్చకండి. కనిపిస్తున్నది లెక్కపెట్టండి. మనుషులెందరు? ఎవరి చేతిలో ఏముంది? ఎవరు ఎవరివైపు చూస్తున్నారు?

శ్రీకాళహస్తి కలంకారీలో సాధారణంగా నడుమ ఒక పెద్ద బొమ్మ వుంటుంది. రామాయణమైతే పట్టాభిషేకం. దాని చుట్టూ వరుసలు వరుసలుగా చిన్న చిన్న గళ్ళు. ఒక్కో గడిలో కథలో ఒక్కో ఘట్టం. చాలా గుడ్డల్లో గళ్ళ మీద తెలుగులో వివరం కూడా రాసి వుంటుంది. మొదటిసారి చూసేవారికి ఒక చిక్కు వస్తుంది. "ఒకే గుడ్డమీద ఇంతమంది రాములేమిటి?" అని. రాముడు ఒక్కడే, కాలాలు వేరు. సినిమా రీలులో ఒకే మనిషి గడిగడికీ కనిపించినట్టే ఇదీను. ఇలాంటి గుడ్డలను గుళ్ళలో వేలాడదీసేవారు. చదువురానివారికి అది కథల పుస్తకం.

ఇది మన దేశంలోనే పుట్టిన ఉపాయం అనుకోకండి. ఇటలీలోని పాదువా పట్టణంలో ఒక చిన్న ప్రార్థనామందిరం వుంది. సుమారు 1305 నాటికి జొట్టో అనే చిత్రకారుడు దాని గోడలనిండా మేరీమాత కథనూ, క్రీస్తు కథనూ వరుసలు వరుసలుగా గళ్ళుకట్టి చిత్రించాడు. అక్కడా ఒకే క్రీస్తు గడిగడికీ కనిపిస్తాడు. భాష తెలియకపోయినా, వరుస పట్టుకుంటే కథ దానంతటదే నడుస్తుంది.

రెండో ప్రశ్న: ఎవరు పెద్ద, ఎవరు చిన్న?

కలంకారీలో దేవుడు పెద్దగా, పరిచారకులు చిన్నగా వుంటారు. "ఇది తప్పు కదా సార్, మనుషులంతా ఇంచుమించు ఒకే ఎత్తు కదా" అన్నాడు మన లెక్కల అబ్బాయి. తప్పు కాదు. అక్కడ కొలత అడుగుల్లో లేదు, ప్రాముఖ్యంలో వుంది. రంగుల్లోనూ అంతే. రాముడూ, కృష్ణుడూ నీలం. స్త్రీలకు తరచు పసుపు. రాక్షసులకు తరచు ఎరుపు. ఈ గుర్తులు తెలిస్తే దూరంనుంచే పాత్రలను పోల్చుకోవచ్చు. పాత యూరప్ చిత్రాల్లోనూ ఇలాంటి గుర్తులున్నాయి. మేరీమాతకు నీలం పైవస్త్రం వుంటుంది. తాళపుచెవులు పట్టుకున్నాయన పీటర్.

మన రాయలసీమలోనే దీనికి మంచి ఉదాహరణ లేపాక్షి. అప్పటి అనంతపురం జిల్లాలో, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో వున్న వూరది. అక్కడి వీరభద్రస్వామి గుడి విజయనగర రాజు అచ్యుతరాయల కాలంలో, అంటే 1530 ప్రాంతాల్లో రూపుదిద్దుకున్నది. మండపం కప్పుమీద పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, వటపత్రశాయి మొదలైన చిత్రాలున్నాయి. గుడి కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు తమ పరివారంతో దేవుని ఎదుట భక్తితో నిలబడిన బొమ్మ కూడా వుంది. వారి తలలమీద పొడుగాటి టోపీలు చూడండి. వాటిని కుళ్ళాయిలంటారు. తిరుమల గుడిలో ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడ్డ కృష్ణదేవరాయల విగ్రహం మీరు చూసేవుంటారు. ఆయన తలమీదా అటువంటి కుళ్ళాయే! పుస్తకంలో లేని చరిత్రను కూడా బొమ్మ ఇలా దాచి వుంచుతుంది.

డబ్బిచ్చి బొమ్మ వేయించినవారు బొమ్మలో ఒక మూల తాము కూడా నిలబడటం ఇటలీలోనూ మామూలే. ఫ్లారెన్స్ నగరంలో మసాచో సుమారు 1427లో వేసిన ఒక గోడచిత్రంలో దాతలిద్దరూ ఇటొకరు, అటొకరు మోకాళ్ళమీద వుంటారు.

మూడో ప్రశ్న: చూసే కన్ను ఎక్కడుంది?

ఈ ప్రశ్న లెక్కలు ఇష్టమైనవారికి.

రేణిగుంట స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద నిలబడి పట్టాలవైపు చూడండి. దూరం పోయేకొద్దీ రెండు పట్టాలూ దగ్గరవుతూ, చివరికి కలిసిపోయినట్టు కనిపిస్తాయి. నిజంగా కలిస్తే రైలు పడిపోదూ! ఇది కంటికి తోచే తీరు. దూరం రెండింతలైతే వస్తువు సగం ఎత్తుగా కనిపిస్తుంది. మూడింతలైతే మూడోవంతు. కావాలంటే చేయి చాచి పెన్సిల్ నిలువుగా పట్టుకుని, ఒక కన్ను మూసి, పది అడుగుల్లో వున్న స్నేహితుణ్ణి కొలవండి. తర్వాత అతణ్ణి ఇరవై అడుగుల్లో నిలబెట్టి కొలవండి. సరూప త్రిభుజాల లెక్క అదే.

ఈ సంగతిని పలకమీద కచ్చితంగా గీసి చూపవచ్చునని పదిహేనో శతాబ్దం మొదట్లో ఫ్లారెన్స్‌లో బ్రునెల్లెస్కి నిరూపించాడు. ఆయన వాస్తుశిల్పి. 1435లో ఆల్బెర్తి ఆ సూత్రాలను పుస్తకంగా రాశాడు. అప్పటినుంచి చిత్రకారులు బొమ్మను కిటికీలా గీయడం మొదలుపెట్టారు. ఆ కాలాన్నే "సాంస్కృతిక పునరుజ్జీవనం" అని చరిత్ర పాఠంలో చదువుతారు.

లియొనార్డో డావిన్సీ "చివరి విందు" బొమ్మ ఏదైనా పుస్తకంలో దొరికితే ఈ పని చేయండి. బొమ్మలో గది పైకప్పు దూలాలున్నాయి. వాటి అంచుల వెంబడి దారం గానీ, స్కేలు గానీ పెట్టి ముందుకు పొడిగించండి. అన్నీ ఒకేచోట కలుస్తాయి. ఎక్కడో తెలుసా? నడుమ కూర్చున్న క్రీస్తు తల దగ్గర! ఆ బొమ్మను బాగుచేసినవారికి సరిగ్గా అక్కడే గోడలో చిన్న మేకు రంధ్రం కనిపించింది. మేకుకు దారం కట్టి గీతలు సరిచూసుకున్నాడన్నమాట. మన కన్ను తెలియకుండానే ఆ గీతల వెంట పోయి క్రీస్తు ముఖం దగ్గర ఆగుతుంది. భక్తికీ రేఖాగణితానికీ అక్కడ పొత్తు కుదిరింది.

మరి కలంకారీలో, లేపాక్షిలో ఇలా గీతలు ఒకచోట కలవవు. నీడలు కూడా పడవు. చేతకాక కాదు. కిటికీలోంచి చూడటం వారి ఉద్దేశం కాదు. చూసేవాడు ఒకచోట నిలబడిపోకుండా, గడినుంచి గడికి కథ వెంట నడవాలని వారి కోరిక. కనుక "దీనిలో నీడ లేదు, దానిలో వుంది" అని తక్కువ ఎక్కువలు కట్టకండి. ఏ బొమ్మ మనల్ని ఎక్కడ నిలబడమంటోందో కనిపెట్టండి.

మీ ఇంట్లోని కేలెండరు లక్ష్మీదేవి బొమ్మలో మాత్రం వెలుగునీడలూ, దూరమైన చెట్లూ వుంటాయి. కేరళకు చెందిన రవివర్మ (1848–1906) యూరప్ పద్ధతి తైలవర్ణాల్లో మన దేవతలను చిత్రించి, 1894లో బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టించి ఇంటింటికీ చేర్చాడు. అంటే మీ పూజగదిలో ఆ రెండు దారులూ కలుసుకుంటున్నాయి.

నాలుగో ప్రశ్న: రంగు ఎక్కడినుంచి వచ్చింది?

బొమ్మ ముందు నిలబడి ఈ ప్రశ్న వేసేవారు తక్కువ. కాని సైన్సు అంతా ఇందులోనే వుంది.

కలంకారీ అంటే కలంతో చేసే పని. శ్రీకాళహస్తిలో దాన్ని వ్రాతపని అని కూడా అంటారు. పెడన, మచిలీపట్నం వైపు చెక్క అచ్చులతో అద్దుతారు. ఇక్కడ వెదురుపుల్ల కొనకు గుడ్డపేలికో ఉన్నిదారమో చుట్టి, దాన్నే కలంగా చేసి, చేత్తో గీస్తారు. కలాన్ని నొక్కేకొద్దీ రంగు దిగుతుంది.

గుడ్డను ముందు ఉతికి గంజి పోగొడతారు. తర్వాత కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో తడిపి ఎండబెడతారు. కరక్కాయలో టానిన్ అనే వగరు పదార్థం వుంది. పాలలోని కొవ్వువల్ల గీత పక్కలకు పాకకుండా వుంటుంది. కాల్చిన చింతపుల్ల బొగ్గుతో బొమ్మ ఆకారం గీసుకుంటారు. తర్వాత నల్లగీత. దీనికి వాడే కసిం తయారుచేయడం తమాషాగా వుంటుంది. తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లంనీళ్ళలో వేసి కొన్ని వారాలు పులియబెడతారు. పులిసినప్పుడు పుట్టిన ఆమ్లం ఇనుమును కరిగిస్తుంది. ఆ ద్రవం చూస్తే నల్లగా వుండదు. కరక్కాయ పట్టిన గుడ్డమీద గీయగానే నల్లబడుతుంది! ఇనుమూ టానినూ కలిసి నీళ్ళలో కరగని నల్లని పదార్థంగా మారడమే కారణం.

ఎరుపు ఇంకా విచిత్రం. ఎర్రగా కావలసినచోట పటికనీళ్ళు పూస్తారు. అప్పుడు ఎరుపేమీ కనిపించదు. గుడ్డను మంజిష్ఠ, చిరివేరు వంటి వేళ్ళూ చెక్కలూ వేసిన నీళ్ళలో ఉడికిస్తే, పటిక పూసినచోటు మాత్రమే చిక్కగా ఎర్రబడుతుంది. పటికలోని అల్యూమినియం ఒక చేత్తో నూలుపోగును, ఇంకో చేత్తో రంగును పట్టుకున్నట్టు రెండింటినీ కలిపి వుంచుతుంది. మిగతాచోట్ల అంటిన రంగును పారే నీళ్ళలో ఉతికి, ఎండలో ఆరవేసి పోగొడతారు. పసుపుకు కరక్కాయ పువ్వు, దానిమ్మ తొక్క వంటివి. నీలానికి నీలిమందు. పసుపుమీద నీలం వేస్తే ఆకుపచ్చ.

ఈ పనికి పారే నీరు ముఖ్యమని మరిచిపోకండి. నిలిచిన నీళ్ళలో ఉతికితే వదిలిన పటికా రంగూ మళ్ళీ గుడ్డకే అంటుకుని మరకలవుతాయి. శ్రీకాళహస్తిలో ఈ కళ నిలదొక్కుకోవడానికి స్వర్ణముఖి కూడా ఒక కారణం. కాని స్వర్ణముఖి ఏడాది పొడుగునా నిండుగా పారే నది కాదు. నది ఎండితే రంగుకూ కష్టమే!

ఇటలీలో గోడచిత్రం వేసేటప్పుడు తడిసున్నమే రంగుకు పట్టు. తడిగా వున్న సున్నపుపూతమీద రంగు వేస్తారు. ఆరేటప్పుడు సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్ళీ సున్నపురాయిగా మారుతుంది. రంగు ఆ రాతి పొరలో చిక్కుకుపోతుంది. సున్నపుతేటలోకి గొట్టంతో ఊదితే తెల్లబడుతుంది కదా, ఆ చర్యే ఇది. మైకెలాంజిలో 1508 నుంచి 1512 దాకా రోమ్‌లోని సిస్టైన్ ప్రార్థనామందిరం కప్పుమీద ఇలాగే వేశాడు. ఏ రోజుకారోజు వేయగలిగినంత మేరకే తడిసున్నం పూయాలి. ఆరిందా, మరి పట్టదు.

లియొనార్డోకు ఈ తొందర నచ్చలేదు. నిదానంగా దిద్దుకుంటూ వేయాలని "చివరి విందు"ను పొడిగోడమీద వేశాడు. 1498 ప్రాంతంలో పూర్తయిన ఆ బొమ్మ కొన్ని దశాబ్దాలకే పెచ్చులు లేవడం మొదలుపెట్టింది. ఎంత గొప్ప చేయి అయినా రసాయన ధర్మాన్ని దాటలేదు.

నీలం సంగతి కూడా వినండి. అక్కడి మేలైన నీలం అఫ్గానిస్థాన్ గనుల్లో దొరికే రాయిని నూరి తీసేవారు. దాని ఖరీదు విపరీతం. అంతటి రంగును మేరీమాత వస్త్రానికి వాడటమే ఒక కానుక. మన నీలం చెట్టునుంచి వచ్చింది. యూరప్ భాషల్లో నీలిమందుకున్న పేరు కూడా మన దేశం పేరునుంచి వచ్చిందే.

అయిదో ప్రశ్న: కాలం ఏం చేసింది?

ఇక ఆ అబ్బాయి సంగతి. నాలుగు ప్రశ్నలూ అయ్యేసరికి గడపదాటి గుడ్డకు జానెడు దూరంలో నిలబడ్డాడు. పక్కనే ఇంకో పాత గుడ్డముక్క వుంది. దాన్ని చూసి, "సార్, ఇందులో చెట్ల ఆకులు నీలంగా వున్నాయి. ఎందుకు?" అన్నాడు. నేను జవాబు చెప్పబోతే, ఆ పెద్దాయన సైగచేసి ఆపారు. అబ్బాయి కొంచెంసేపు ఆలోచించాడు. "ఆకుపచ్చ అంటే పసుపుమీద నీలం కదా... పసుపు వెలిసిపోయి నీలం మిగిలిందా?" అన్నాడు.

"అంతే నాయనా!" అన్నారు పెద్దాయన. పసుపురంగులు ఎండకు త్వరగా పోతాయి. నీలం నిలుస్తుంది. ఇప్పుడు నీలంగా వున్న ఆ ఆకులు ఒకప్పుడు పచ్చగా వుండేవి. "బొమ్మల సంగతి నాకేం తెలుసు" అన్న అబ్బాయి బొమ్మ గతాన్ని కనిపెట్టాడు! ఆ గుడ్డలో నల్లగీతల వెంట సన్నని చిరుగులు కూడా వున్నాయి. ఇనుము కలిసిన నలుపు ఏళ్ళ తరబడి నూలును తినేస్తుంది. అందుకే పాత వస్త్రాలు గీత వెంటే ముందు చిరుగుతాయి.

మ్యూజియంలో దీపాలు మందంగా ఎందుకుంటాయో, ఫ్లాష్ వద్దని ఎందుకంటారో ఇప్పుడు మీకు తెలిసింది. గుళ్ళలో గోడబొమ్మలను ముట్టుకుంటే చేతి చెమటా నూనే అంటుతాయి. దీపాల పొగ మసి పడుతుంది. శుభ్రం చేద్దామని ఎవరో సున్నం కొడితే నాలుగువందల ఏళ్ళ బొమ్మ ఒక్కపూటలో మాయమవుతుంది. చెడ్డ ఉద్దేశంతో కాదు, చూడటం రాక. చూడటం నేర్చుకున్నవారు పక్కన ఒక్కరున్నా ఆ బొమ్మ బతుకుతుంది.

కళ కూడా అంతే. ఒకప్పుడు శ్రీకాళహస్తి వ్రాతపని అంతరించిపోయే స్థితికి వచ్చింది. కమలాదేవి ఛటోపాధ్యాయ వంటివారి పూనికతో 1950ల్లో అక్కడ శిక్షణకేంద్రం వెలిసి, కొత్తతరం నేర్చుకుంది. ఆ వూరి కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఈనాడు బజారులో యంత్రంమీద అచ్చువేసిన గుడ్డలను కూడా కలంకారీ అనే అమ్ముతున్నారు. పోల్చుకోవడం కష్టం కాదు. ఒకే నెమలిని నాలుగుచోట్ల వెతకండి. నాలుగూ అచ్చుగుద్దినట్టుంటే యంత్రమో, అచ్చుచెక్కో. చేతిగీతలో ఏ రెండు నెమళ్ళూ ఒక్కలా వుండవు. గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం. అది లోపం కాదు, చేతి సంతకం.

మీరూ చేసి చూడండి

కావలసినవి: కరక్కాయ పొడి, రెండు తెల్లని నూలుగుడ్డ ముక్కలు, తుప్పుపట్టిన మేకులు, వెనిగర్, వెదురుపుల్ల.

1. మేకులను గాజుసీసాలో వేసి మునిగేటట్టు వెనిగర్ పోయండి. మూత వదులుగా పెట్టి వారం రోజులుంచండి.

2. గ్లాసు నీళ్ళలో రెండు చెంచాల కరక్కాయ పొడి నానబెట్టి వడకట్టండి. ఒక గుడ్డముక్కను అందులో తడిపి ఎండబెట్టండి. రెండోదాన్ని అలాగే వుంచండి.

3. పుల్లను మేకుల ద్రవంలో ముంచి రెండు గుడ్డలమీదా మీ పేరు రాయండి.

కరక్కాయ గుడ్డమీద అక్షరాలు నల్లబడతాయి. రెండోదానిమీద తుప్పురంగు మరకే మిగులుతుంది. నలుపు సీసాలోనూ లేదు, గుడ్డలోనూ లేదు. రెండూ కలిసినచోట పుట్టింది. (పెద్దవారి ఎదుట చేయండి. ద్రవాన్ని నోట్లో పెట్టుకోకండి. పాతగుడ్డలు కట్టుకోండి, మరక పోదు!)

మంచి బొమ్మ కూడా అలాంటిదే. వేసినవాడి చేయి ఒకటే చాలదు, చూసేవాడి కన్నూ కలవాలి. ఈసారి శ్రీకాళహస్తికో, లేపాక్షికో, ఏదైనా చర్చికో వెళ్ళినప్పుడు ఒక్క బొమ్మను ఎంచుకోండి. దాని ముందు అయిదు నిమిషాలు కదలకుండా నిలబడి ఈ అయిదు ప్రశ్నలూ వేయండి. ఇంటికి వచ్చి మళ్ళీ ఆ వేంకటేశ్వరస్వామి పటంవైపు చూడండి. ఎన్ని కొత్త సంగతులు కనిపించాయో ఒక కాగితం మీద రాసుకుని మీ మాస్టారికి చూపించండి.